చెక్క మీద గోళ్ల చప్పుడు

సందె వేళ. ఇంటి వెనక పెరడు. కిటికీ కింద, గోడకు మనిషి పట్టేంత ఎడంగా కోళ్లగూడు, దాని తలుపుకి వాల్చిన చెక్క, పెరటి చివర కలప కుప్ప. కుప్ప వెనక గంప పెట్టుకుని కూర్చున్న పక్కింటి టైలరమ్మ, వడ్రంగి. కిటికీ లోపల మంచం మీద వడ్రంగి భార్య.

“రెక్కలు పట్టుకుని లాగకు అన్నయ్యా. ఒళ్లంతా కలిపి పట్టుకో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు. అదీ.”

“పట్టుకున్నాను. తన్నుతోంది.”

“తన్నదా మరి? దాని గూడు ఆ గోడ అవతల. పొద్దు వాలితే ఏ కోడైనా సొంత గూటికే పోతానంటుంది. నువ్వూ నేనూ కలిసి దాని బుద్ధి మారుస్తామా?”

“గొంతు తగ్గించు టైలరమ్మా. కిటికీ తెరిచుంది.”

“ఇంతకన్నా తగ్గిస్తే గొంతే ఉండదు. కుట్టుమిషన్ చప్పుడు మీద అరిచి అరిచి నా గుసగుస కూడా ఇలాగే అయింది.”

“ఏమయ్యా! కోళ్లు వచ్చాయా?”

“వస్తున్నాయే! ఒక్కొక్కటే వస్తున్నాయి!”

“వెలుతురు పోయాక రావడానికి అవేమన్నా నీ స్నేహితులా? రోజూ ఈపాటికి గూట్లో ఉండేవి.”

“వస్తున్నాయంటున్నానుగా. వింటూ ఉండు.”

“వింటున్నాను కాబట్టే అడుగుతున్నా. చెక్క మీద ఒక్క గోరు చప్పుడన్నా లేదు.”

“వెళ్లు అన్నయ్యా, వెళ్లు. చెక్క మొదట్లో పెట్టి వెనక నుంచి వేలితో చిన్నగా తట్టు. దానంతటదే ఎక్కుతుంది.”

“బ బ బ బ... ఎక్కు. ఎక్కవే నా తల్లీ. హు. అదీ.”

“ఒకటి. బరువుగా ఎక్కింది. చుక్కలదా?”

“ఆఁ, చుక్కలదే.”

“ఒళ్లు చేసినట్టుంది.”

“మేత బాగా వేస్తున్నా.”

“నేను వేసినన్నాళ్లూ పుల్లలా ఉండేది. నీ చెయ్యి పడగానే ఒళ్లు చేసిందన్నమాట. సరేలే, తర్వాతది పిలువు.”

“పిలుస్తున్నా. కలప కుప్ప దగ్గర కెలుకుతున్నాయి. అటెళ్లి తోలుకొస్తా.”

“తోలు. తరమకు.”

“తరమనులే!”

“ఏమందన్నయ్యా?”

“ఒళ్లు చేసిందంది.”

“అయ్యో, నా బూడిద రంగుదా? అది పుట్టుకతోనే అంత. ఇదిగో, ఈ తెల్లదాన్ని తీసుకెళ్లు. ఇది తేలిగ్గా ఎక్కుతుంది. జుట్టుదని చెప్పుకో.”

“ఎర్రది?”

“ఎర్రదాన్ని ఆఖర్న వాడుకుందాం. నిన్న దాన్ని రెండుసార్లు ఎక్కించావు, దానికి ఒళ్లు మండింది. చూడు నా వేలు. మిషన్ తొక్కడం వచ్చుగానీ పొడిచిన వేలితో సూదిలో దారం ఎక్కించడం రావట్లేదు నాకు.”

“నీవి నాలుగే. ఆవిడ లెక్క ఏడు. పుంజుతో ఎనిమిది. మిగతావాటికి బదులు నేను ఎక్కనా చెక్క?”

“ఎక్కితే విరుగుతుంది. నేను గూడు వెనక కూర్చుని గుడ్ల అర తలుపు తీసి అందుకుంటాగా, నిన్నట్లాగే. ముందు ఎక్కినవి వెనక దిగుతాయి. మళ్లీ ముందుకొస్తాయి. నువ్వు పేరు మారుస్తావు.”

“పాడు బతుకు.”

“పాడు బతుకే. కానివ్వు, పొద్దు పోతోంది.”

“బ బ బ బ... ఇదిగోనే, జుట్టుది వస్తోంది!”

“ఆఁ. రెండు. ఇది ఎగిరెగిరి ఎక్కిందేంటి?”

“ఆకలి మీదుంది.”

“చుక్కల్దానికి ఒళ్లు పెరిగింది, జుట్టుదానికి ఆకలి పెరిగింది. ఒకే చేత్తో వేస్తున్నావా మేత?”

“ఒకటి తింటే ఇంకోదానికి మిగలట్లేదు.”

“నువ్వు దగ్గర నిలబడవు, అదీ సంగతి. గింజలు విసిరేసి రంపం పట్టుకుంటావు. దగ్గర నిలబడాలయ్యా. కోడైనా మనిషైనా అంతే.”

“నిలబడుతున్నా. ఇప్పుడు నిలబడే ఉన్నాగా.”

“ఏమయ్యా, నీ పక్కన ఎవరన్నా ఉన్నారా?”

“ఎవరున్నారు? కోళ్లతో మాట్లాడుతున్నా.”

“ఏమో. ఒక కోడి ఆడగొంతుతో దగ్గినట్టుంటేనూ.”

“పెట్టలు ఆడవేగా.”

“సరి సరి. నీ వెటకారానికి జ్వరం రాలేదు, అదే సంతోషం. తర్వాతది.”

“తెస్తున్నా, ఉండు... టైలరమ్మా, ఎందుకు దగ్గావు?”

“ఈ రంపపు పొట్టు గొంతులో పడుతోంది. కావాలని దగ్గుతానా? అన్నయ్యా, ఒక్క మాట. చెప్పెయ్యరాదూ?”

“ఏం చెప్పను?”

“ఉన్నదే. కోళ్లు లేవని. అడవిపిల్లి పడిందని.”

“చెప్పి?”

“ఏడుస్తుంది. ఏడ్చి ఊరుకుంటుంది. ఎన్నాళ్లు ఇలా నా కోళ్లని గంపలో మోసుకొచ్చి, తెల్లారకముందే మళ్లీ మోసుకుపోవడం? నాకు బరువని కాదు. ఎప్పుడో ఒక్క కోడి తప్పు అడుగేస్తే ఆవిడకి తెలిసిపోతుంది. అప్పుడు పిల్లి మింగిందన్న బాధ ఒకటి, నువ్వు దాచావన్న బాధ ఇంకొకటి.”

“డాక్టరు ఏమన్నాడో విన్నావుగా.”

“విన్నాను.”

“రోజులు లెక్కపెట్టుకోమన్నాడు. నెలలు అనలేదు. ఆవిడకీ తెలుసు. నొప్పి ఉందా అంటే లేదంటుంది. ఏం తింటావంటే ఏమీ వద్దంటుంది. పొద్దస్తమానం గోడకేసి చూసి, సందె పడేసరికి తల ఇటు తిప్పి ఒక్క మాట అడుగుతుంది, కోళ్లు వచ్చాయా అని. వచ్చాయి అంటే కళ్లు మూసుకుంటుంది. కాస్త నిద్ర పడుతుంది. లేవు అన్నాననుకో. అప్పుడేం మూసుకుంటుందో ఎవరికి తెలుసు.”

“అలా అనకు.”

“ఎలా అంటే పోతుంది అది?”

“సర్లే. వెనక దింపిన తెల్లదాన్నీ ఈ మూడోదాన్నీ పట్టుకో. కాదు కాదు, ఇలా తే, దీని కాలికి దారం చుట్టుకుంది. నా గదంతా దారాలే, ఎంత ఊడ్చినా. ఆఁ, పో.”

“ఏమయ్యా, మూడోది ఏదీ?”

“వచ్చేసింది. బోడిమెడది. బ బ బ... ఎక్కు.”

“మూడు.”

“ఇంకొకటి కూడా వస్తోంది దాని వెనకే.”

“నాలుగు. ఇదెవరు, ముసల్దా?”

“ముసల్దే.”

“ముసల్ది అంత చకచకా ఎక్కిందా! నాక్కూడా దాని మందు తెచ్చిపెట్టు.”

“తెస్తాలే. పడుకో కాసేపు. మిగతావి గోడ మీద ఉన్నాయి, దింపాలి.”

“గోడ మీద ఉంచకు. గోడ మీదుంటే గద్దకి, దిగితే పిల్లికి. త్వరగా.”

“అన్నయ్యా, వెనక తలుపు తీశాను. ఇదిగో బూడిద రంగుది. తెల్లది కూడా. పట్టుకో, నొక్కకు. నీ గడియలు భలే గట్టివి, నా గోరు విరిగింది.”

“ఆ గడియ పేరెత్తకు.”

“ఏం? ఊరంతా నీ గడియల గురించి చెప్పుకుంటారు.”

“ఎత్తకు అంటున్నానుగా.”

“సరే. ఎత్తను. ఒకటి అడుగుతా, చెప్పాలనిపిస్తే చెప్పు. ఆ రోజు పొద్దున్నే నువ్వు పొట్టుకుప్ప పక్కన గొయ్యి తవ్వుతుంటే మిద్దె మీంచి చూశాను. ఈకలు ఏరుతున్నావు. ఒక్కొక్క ఈక ఏరి గోతిలో వేస్తున్నావు. అది చూసే గంప పట్టుకుని వచ్చాను. ఎలా జరిగిందని అడగలేదు.”

“అడక్కపోవడమే మంచిదైంది.”

“ఇవాళ అడుగుతున్నా. అంత గట్టి గూడు. ఇనప వల, కింద రాళ్లు పరిచావు, చిట్టెలుక దూరదు. పిల్లి ఎలా దూరింది?”

“దూరలేదు.”

“మరి?”

“అది ముందే లోపల ఉంది.”

“అంటే?”

“మధ్యాహ్నం గూడు తలుపు తీసే ఉంటుందిగా. ఎప్పుడు దూరిందో, గుడ్ల అరలో ముడుచుకుని పడుకుంది. సందెకి కోళ్లు వచ్చాయి. నేను గడియ వేశాను.”

“లోపలికి చెయ్యి పెట్టి చూసుకోవాలిగా! మా అమ్మ రోజూ...”

“ఆవిడా రోజూ చూసేది. అన్ని చప్పుళ్లూ లెక్కపెట్టుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చి, మోచెయ్యి దాకా లోపలికి పెట్టి ప్రతి మూలా తడిమేది. ఒక్కో కోడి వీపు మీదా చెయ్యి వేసేది. నేను నవ్వేవాణ్ని. నేను చేసిన గూట్లో ఏం దూరుతుందే, నీ పిచ్చి గానీ అని.”

“ఆ రోజు నువ్వు చూడలేదు.”

“ఆవిడకి ఒళ్లు కాలిపోతోంది. నర్సమ్మ మందు వేసి వెళ్లింది. గబగబా వచ్చి గడియ వేసి లోపలికి పరిగెత్తా. లోపల పిల్లి, లోపలే కోళ్లు. బయటికి రావడానికి దానికీ దారి లేదు, వాటికీ లేదు. అంత గట్టిగా చేశాను మరి. నాలాంటి పనివాడు లేడుగా.”

“అన్నయ్యా...”

“పొద్దున తలుపు తీస్తే నా కాళ్ల మధ్య నుంచే పోయింది, కడుపు ఈడ్చుకుంటూ.”

“అరుపులు వినపడలేదా? గోడ పక్కనే!”

“నిద్రపోయాను.”

“ఎలా?”

“ఎలా ఏంటి, మనిషి నిద్రపోయినట్టే. మంచం పక్కన చాప వేసుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని. ఆవిడ మందులో ఉంది, ఆవిడకేం తెలీదు. అదొక్కటే నయం. ఆ అరుపులు ఆవిడ చెవిన పడి ఉంటే నేను ఇవాళ నీ ముందు ఇలా కూర్చుని ఉండను.”

“ఏమయ్యా! గోడ మీద కోళ్లని దింపుతున్నావా, గోడే కడుతున్నావా?”

“దింపుతున్నా, దింపుతున్నా! ఇదిగో గోధుమది!”

“అయిదు. హమ్మయ్య. చుక్కల్ది మళ్లీ ఎక్కినట్టుంది చప్పుడు.”

“రెండూ ఒక్క తల్లి పిల్లలేగా.”

“అవునవును. మర్చిపోయా.”

“ఇదిగో ఇంకోటి.”

“ఆరు. నల్లది రాలేదింకా. కుంటోడు కూడా.”

“కుంటోడు వస్తున్నాడు. ఆగు, వాడికి టైం పడుతుంది.”

“వారం రోజులుగా వాడు కూయట్లేదేం?”

“ఈకలు రాలుస్తున్నాడు. ఆ రోజుల్లో పుంజు కూయదుగా.”

“ఈ నెలలో ఈకలు రాలుస్తాడా!”

“వాడిష్టం. నన్నడిగి రాలుస్తాడా?”

“అన్నయ్యా... మళ్లీ చెక్క మీద ఆ వేళ్లు...”

“ష్.”

“టక్... టకటక్. టక్... టకటక్... ఆఁ. వచ్చాడు. వాడి నడక వింటే చాలు నాకు. ఏడు. పాపం, చెక్క ఎక్కడానికి ఇంకా ఎంత అవస్థ పడుతున్నాడో చూడు. ఆ పక్కింటి కత్తెర చేతులు పడిపోను.”

“ఇప్పుడెందుకే ఆవిడ మాట.”

“ఎందుకేంటి? పుంజు ఎగిరి బట్ట మీద కూర్చుందని ఇస్త్రీపెట్టె విసిరే ఆడది ఎక్కడన్నా ఉంటుందా? కాలు విరిగి వాడు పెరడంతా దొర్లుతుంటే, గోడ మీంచి చూసి, నా బట్ట పాడైందీ అంది గానీ అయ్యో అందా?”

“ఎప్పటి సంగతి అది.”

“వాడు ఎక్కే ప్రతి సందెకీ ఇప్పటి సంగతే నాకు. పో, నల్లదాన్ని తీసుకురా.”

“విన్నావా టైలరమ్మా?”

“విన్నాను.”

“పట్టించుకోకు.”

“ఎందుకు పట్టించుకోను? నిజమేగా. ఎవరిదో పెళ్లిబట్ట. పూసలు కుట్టి కుట్టి కళ్లు పోయాయి. దాని నడుమన రెట్ట వేసింది. చేతిలో ఏముందో చూసుకోలేదు, విసిరాను. కాలు విరిగాక అయ్యో అనుకున్నాను. పైకి రాలేదు ఆ మాట. తర్వాత ఒకరోజు అందామని గోడ దాకా వచ్చాను. ఆవిడ తలుపేసుకుంది. మళ్లీ రాలేదు.”

“ఆవిడకి మరుపు లేదు.”

“నాకూ లేదు. నువ్వు రోజూ రెండు వేళ్లతో వాడి నడక కొడుతుంటే, ప్రతిసారీ గుండెలో సూది దిగినట్టవుతుంది. వాడు ఉన్నన్నాళ్లూ నేను చూడకుండా తప్పించుకున్న నడక అది... అయ్యో! అన్నయ్యా! గంప!”

“ఏంటి?”

“ఎర్రది! మూత తోసుకుని పోయింది. అటు, కలప కిందికి. పట్టు, పట్టు!”

“ఉష్! అరవకు. ఇటు నుంచి నువ్వు రా. నేను అటు... ఆగు.”

“ఏం?”

“కదలకు. ఆ రెండు దూలాల మధ్య చూడు.”

“ఏముంది? చీకటి... అమ్మో. కళ్లు.”

“అదే.”

“అదేనా?”

“అదే. చెవి చిరిగింది చూడు. నా కాళ్ల మధ్య నుంచి పోయినప్పుడు తలుపు రేకు తగిలి చిరిగింది. వారం నుంచి దీని కోసమే చూస్తున్నా. ఆ ఉలి ఇలా ఇవ్వు.”

“ఉలి ఎందుకు? ముందు కోడిని పట్టు అన్నయ్యా! దాని ముందే ఉంది నా ఎర్రది!”

“ఇవ్వమంటున్నానా!”

“నువ్వు దాన్ని పొడిచేలోగా అది నా కోడిని పట్టుకుపోతుంది. దాన్ని చంపితే నీ కోళ్లు వస్తాయా? నా కోడి అన్నయ్యా! నాకున్నవి ఈ నాలుగే!”

“ఉలి నేనే తీసుకున్నాలే. తప్పుకో.”

“అన్నయ్యా!”

“హుష్! పో! పో అవతలికి! పో!”

“ఏమయ్యా! ఏంటా చప్పుడు? ఏమైంది?”

“ఏం లేదే! చెక్కలు జారాయి. దొర్లాయి, అంతే.”

“పిల్లి వచ్చిందా?”

“పిల్లీ లేదు గిల్లీ లేదు. చెక్కలు.”

“టైలరమ్మా, పట్టుకున్నావా?”

“పట్టుకున్నాను. ఒక్క రెక్క ఈకలు ఊడాయి. నెత్తురు లేదు. చూడు ఎలా వణికిపోతోందో. ఏడవకే, ఏడవకు, అయిపోయింది, పోయింది అది. నేనున్నాగా. అన్నయ్యా, నీ చెయ్యి గీసుకుపోయింది.”

“పోనీ.”

“ఉలి విసిరేశావేం?”

“నువ్వేగా కోడిని పట్టమన్నావు.”

“దొరికేదేమో అది.”

“దొరికేదే. ఊరుకో. రేపొస్తుంది. లేకపోతే ఎల్లుండి. రుచి మరిగింది, రాకేం చేస్తుంది. ఇటివ్వు ఎర్రదాన్ని. ఇది నల్లది ఇవాళ.”

“అటూ ఇటూ ఎగిరిన కోడి, మళ్లీ చెక్క ఎక్కుతుందా?”

“ఎక్కిస్తా... ఇదిగోనే నల్లది. బ బ బ బ.”

“ఎనిమిది. అన్నీ వచ్చాయి. చెయ్యి పెట్టి చూశావా?”

“చూస్తున్నా.”

“మూలలు?”

“మూలలూ చూస్తున్నా. గుడ్ల అర కూడా చూశా. ఏం లేదు.”

“వీపు మీద చెయ్యి వెయ్యి ఒక్కోదానికి. భయం పోయి పడుకుంటాయి.”

“వేశాను. గడియ వేస్తున్నా.”

“ఆగు. గడియ వెయ్యకు.”

“మళ్లీ ఏంటి?”

“నల్లదాన్ని ఒకసారి లోపలికి తీసుకురా.”

“...ఎందుకు?”

“ఎందుకేంటి? ముట్టుకుంటాను.”

“ఇప్పుడా? పడుకుంది. రేపు పగలు తెస్తాలే.”

“రేపటి మాట రేపు. ఇవాళ తీసుకురా.”

“డాక్టరు వద్దన్నాడు. రెక్కల దుమ్ము...”

“డాక్టరు నాకు ఇంకేం చేటు చేస్తుందనుకుంటున్నాడు? తీసుకురావయ్యా.”

“తెస్తున్నా. ఆగు, చేతులు కడుక్కుని వస్తా.”

“కోడిని పట్టుకునే ముందు చేతులు కడుక్కునేవాణ్ని నిన్నే చూశాను.”

“టైలరమ్మా, ఏం చెయ్యను?”

“నల్లది ఎక్కడ్నుంచి తెస్తాం? నా దగ్గర నల్లబట్ట ఉంది. బొగ్గు... ఛ, ఏం మాట్లాడుతున్నాను. గదిలో దీపం ఉందా?”

“లేదు. వెలుతురు చూస్తే కళ్లు మండుతాయంటుంది.”

“అయితే ఎర్రదాన్ని తీసుకెళ్లు. ఎర్రదైనా నల్లదైనా చీకట్లో ఒకటే. నీ నల్లదీ ఈ తూకమే అన్నావుగా మొన్న. నడుం దగ్గర పట్టుకుని రెండే రెండు సార్లు ముట్టనిచ్చి తెచ్చెయ్. రెక్క ఈకలు ఊడిన వైపు నీ వైపు పెట్టుకో. ఏమీ మాట్లాడకు. నీకు అబద్ధం చాతకాదు.”

“వారం నుంచి చేస్తున్నదేంటి మరి?”

“అదే చెబుతున్నా. చాతకాదు. నేను ఈ కుప్ప దగ్గరే ఉంటాను. పిల్లి మళ్లీ వస్తే తరుముతా. నువ్వు వెళ్లు.”

గది లోపల. దీపం లేదు.

“ఇటు పెట్టు. నా పక్కన. భయపడకు, నేను పడెయ్యను.”

“నేను పట్టుకునే ఉంటా.”

“గుండె ఎలా కొట్టుకుంటోందో. పరిగెత్తి వచ్చిన దానిలా.”

“చాలా రోజులైందిగా నిన్ను చూసి.”

“నన్ను చూస్తే దానికి గుండె కొట్టుకోదు, కళ్లు మూతపడతాయి. ఊఁ. మెత్తగా ఉంది. ఎంత వెచ్చగా ఉందో చూడు. నీ చెయ్యి తియ్యి.”

“ఎగిరిపోతుంది.”

“తియ్యవయ్యా. రెక్క దాస్తున్నావెందుకు?”

“దాయట్లేదు.”

“ఇదేంటి మెడ దగ్గర? పోగు. దారం పోగు.”

“ఏదో చుట్టుకుంది.”

“వడ్రంగి ఇంటి కోడికి రంపపు పొట్టు అంటుకోవాలి. కుట్టుదారం అంటుకుందేం?”

“ఇలా ఇవ్వు, తీసేస్తా.”

“కత్తెరదేనా?”

“ఆవిడదే.”

“అన్నీ?”

“అన్నీ. నాలుగు. వాటినే తిప్పి తిప్పి ఎక్కించాను.”

“మనవి?”

“లేవు.”

“ఒక్కటీ?”

“ఒక్కటీ లేదు.”

“కుంటోడు?”

“వాడు తలుపు దగ్గర పడున్నాడు. మిగతావన్నీ వాడి వెనక. ఎదురు తిరిగినట్టున్నాడు.”

“తిరుగుతాడు. ఒంటికాలి మీదైనా తిరుగుతాడు వాడు.”

“అంతా నావల్లే. నువ్వు పెట్టినట్టు నేను చెయ్యి పెట్టి చూడలేదు. అది అరలో ఉంది. పైన గడియ వేశాను. నన్ను ఏమన్నా అను. తిట్టు. నీ నోటికి అడ్డు లేదుగా, తిట్టు.”

“తిట్టను.”

“తిట్టకపోతే ఎలా? ఏడు పెట్టలు, ఒక పుంజు. గుడ్డు నుంచి చేత్తో పెంచావు.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“నువ్వు చెప్పినదంతా. గడియ, పిల్లి, నువ్వు చెప్పని గొయ్యి కూడా.”

“ఎవరు చెప్పారు? ఆవిడా?”

“అది నాతో మాట్లాడుతుందా? నేను దానితో మాట్లాడతానా?”

“ఆవిడ బయటే ఉంది. పిలవనా? రోజూ గంప మోసుకొస్తోంది. ఇవాళ ఆవిడ కోడి పోబోయింది మన కోసం.”

“వద్దు.”

“ఇంకా ఏంటే నీకు?”

“నిలబడి తిట్టినదాన్ని పడుకుని పలకరించమంటావా? దాని కోళ్లు మంచివి. అంత మటుకు చెప్పు. చెప్పి, ఇప్పుడే తీసుకుపొమ్మను. రేపట్నుంచి తేవద్దను. పిల్లి నిన్న కూడా తిరిగింది, కిటికీ కిందే. దాని కోళ్లు కూడా పోతే ఎవరం ఇస్తాం?”

“మరి రోజూ అడిగావు. వచ్చాయా, వచ్చాయా అని. ఎనిమిది లెక్కపెట్టావు. పేర్లు పెట్టి అడిగావు!”

“అడక్కపోతే నాకు తెలుసని నీకు తెలిసిపోదూ?”

“నన్ను ఆడించావన్నమాట.”

“నువ్వు ఎక్కించావు, నేను లెక్కపెట్టాను. కుంటోడి నడక మాత్రం బాగా కొట్టావు. మొదటి రోజు ఏడుపొచ్చింది. తర్వాత దాని కోసమే ఎదురుచూశాను.”

“ఎలా తెలిసింది నీకు?”

“విన్నాను.”

“ఏం విన్నావు?”

“ఆ రాత్రి.”

“నువ్వు మందులో ఉన్నావు! నర్సమ్మ వేసి వెళ్లింది, తెల్లారేదాకా కదలదు అంది!”

“ఆ రోజు మందు పట్టలేదు. కళ్లు మూసుకుని ఉన్నాను, అంతే. ముందు కుంటోడు అరిచాడు. తర్వాత చుక్కల్ది. నల్లది అరవదు, తెలుసుగా నీకు. రెక్కలు కొట్టుకుంది. ముసల్దే ఆఖరు.”

“ఆపు.”

“నువ్వేగా అడిగావు.”

“మరి నన్ను లేపలేదేం? ఇక్కడే ఉన్నాను నేను, ఈ చాప మీద. అరిచే ఓపిక లేకపోతే పోనీ, చెయ్యి చాపితే తగిలేవాణ్ని! ఒక్కటన్నా మిగిలేది!”

“చాపాను.”

“చాపావా?”

“నీ భుజం దాకా వచ్చింది చెయ్యి.”

“వచ్చాక?”

“నేను మంచం పట్టిన దగ్గర్నుంచీ నువ్వు గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నావయ్యా. ఆ రాత్రి మొదటిసారి గురక పెడుతున్నావు.”